ఫెంగల్ కదలదు, మా బండి కదలదు

బండి ఉంటే ఎవరికీ భారం కానక్కర్లేదన్నది మా ఆయన సిద్ధాంతం. బ్యాంకులో పదవీ విరమణ అయ్యాక పాత ట్రావెలర్ వ్యాను ఒకటి కొని, సీట్లు తీయించి, రెండు బెర్తులు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు, పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించారు. పొద్దు ఎక్కడ గూకితే ఆ పూటకు అదే ఇల్లు. విజయవాడలో బయలుదేరి, చెన్నైలో పాత స్నేహితులను తలా ఒక పూట పలకరించి, తూర్పు తీరం రోడ్డు పట్టుకుని పుదుచ్చేరి, చిదంబరం, తంజావూరు చూసుకుంటూ రామేశ్వరం వెళ్ళాలనుకున్నాం. శ్రీలంక పక్కన వాయుగుండం తిష్ట వేసిందని ఇల్లు కదలకముందే తెలుసు. దాని దారిన అది పోతుందిలే అనుకున్నాం. తర్వాత ఫెంగల్ తుపానైంది అదే. 2024 నవంబరు చివరి వారంలో అది ఎంత తాపీగా నడిచిందో తమిళనాడులో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇందులో వచ్చే స్నేహితులు పేర్లు రాస్తే ఊరుకోరు. అందుకే పేటల పేర్లతో పిలుస్తున్నాను.

నవంబరు 27, బుధవారం: సాలిగ్రామం

దారి గురించి చెప్పుకోవడానికి టోలు గేట్లు తప్ప ఏమీ లేవు. తడ దాటి తమిళనాడులో అడుగు పెట్టాకే ట్యాంకు నింపించాం. డీజిలు లీటరు 92 రూపాయల చిల్లర, మన వైపు కంటే నాలుగైదు రూపాయలు తక్కువ. లారీల వాళ్ళందరిదీ అదే లెక్క కాబోలు, బంకులో బారులు తీరి ఉన్నారు. సన్నటి జల్లు అక్కడే మొదలైంది.

చెన్నైలో సాలిగ్రామం చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. సందులో వ్యాను ఆపగానే నలుగురు పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఎదురింటి వాచ్‌మన్ లేచి సలాము కొట్టాడు. బాల్కనీలోంచి ఒకావిడ షూటింగు రాత్రంతా ఉంటుందా అని తమిళంలో అడిగింది. సినిమావాళ్ళుండే ఆ పేటలో ఇలాంటి బండి అంటే సినిమా తారల కారవాన్ అనే లెక్క. లోపల ఏ హీరో ఉన్నాడో చూద్దామని పిల్లలు తలుపు దగ్గర కాచుకుని నిలబడ్డారు. బట్టతల, నడుముకు బెల్టు, చేతిలో వాటర్ బాటిలుతో మా ఆయన దిగారు. పిల్లల ముఖాలు చూడాల్సిందే.

సాలిగ్రామం అన్నయ్య, మా ఆయన పెళ్ళికి ముందు ఒకే గదిలో అద్దెకుండేవారు. ఇద్దరికీ డెబ్బై దగ్గర పడుతున్నా పలకరింపు మాత్రం మారలేదు. రాత్రికి బండిలోనే పడుకుంటామని మా ఆయన నోరు జారారో లేదో, గుమ్మంలోనే గొడవ మొదలైంది.

"నా గేటు ముందు బండిలో పడుకుంటావట్రా? నేను బతికే ఉన్నాగా?"

"నీకు శ్రమ ఎందుకని..."

"శ్రమా! నలభై ఏళ్ళ క్రితం నా పరుపు మీద నువ్వు, చాప మీద నేను పడుకున్నప్పుడు గుర్తు రాలేదా శ్రమ?"

వాదన అక్కడితో ముగిసింది. వదిన చిన్న ఉల్లిపాయల సాంబారు, బంగాళాదుంప వేపుడు వడ్డించింది. పదిన్నరకు భోజనం చేసి వాళ్ళ హాల్లోనే పడుకున్నాం. వీధిలో మా బెర్తులు ఖాళీగా ఉన్నాయి.

నవంబరు 28, గురువారం: సాలిగ్రామం

పొద్దున్న చూస్తే పైకప్పులో గాలికోసం పెట్టించిన కిటికీ అంచునుంచి నీరు కారి ఒక బెర్తు సగం తడిసి ఉంది. మెకానిక్కును వెతకడానికి మా ఆయన చెప్పులు వేసుకుంటుండగా అన్నయ్య ఆపాడు.

ఆయన వృత్తి నెగటివ్ కటింగు. తెలుగు సినిమాలు చాలావరకు మద్రాసులోనే తయారయ్యే రోజుల్లో ల్యాబులో చేరాడు. ఎడిటరు కోసి అతికించిన ప్రింటును ముందు పెట్టుకుని, ఫిల్ము అంచున ఉండే నంబర్లు చూసుకుంటూ, అసలు నెగటివును అదే చోట కోయాలి. ప్రింటు పోతే మరొకటి తీసుకోవచ్చు, నెగటివు తప్పు కోస్తే ఇక అంతే. పరిశ్రమ హైదరాబాదు తరలిపోయినప్పుడు ఆయన కదలలేదు. తర్వాత కంప్యూటర్లొచ్చి ఆ పనే లేకుండా పోయింది.

నిచ్చెన ఎక్కి ముందు పాత సీలును బ్లేడుతో ముక్క మిగలకుండా గీకేశాడు. పాత నూలు పంచె చింపి, గుడ్డను వేలికి చుట్టుకుని, అంచు పొడవునా తడి తుడిచాడు. హెయిర్ డ్రయర్ తెప్పించి ఆరబెట్టి, మళ్ళీ తుడిచి, గుడ్డను వెలుతురుకు ఎత్తి చూశాడు, దుమ్ము ఉందేమోనని. ఆ తర్వాత గాని సిలికాన్ గొట్టం చేతిలోకి తీసుకోలేదు. ఊపిరి బిగబట్టి, ఒక్క గీతగా, మూల దగ్గర కూడా చెయ్యి ఎత్తకుండా నాలుగు వైపులా పూర్తిచేశాడు. గొడుగు పట్టుకుని నిలబడ్డ నా చేతులు నొప్పి పుట్టాయి గాని ఆయన చెయ్యి వణకలేదు. ఖర్చు సిలికాన్ గొట్టానికి 240 రూపాయలు. ఆ తర్వాత అంత వానలోనూ అక్కడ చుక్క కారలేదు.

టీవీలో తుపానట, కాదట, వాయుగుండంగానే తీరం దాటుతుందట, లేదట, మళ్ళీ తుపానే అట. మర్నాడు బయలుదేరుదామని మా ఆయన, ఆగమని అన్నయ్య. వదిన మాత్రం ఎవరినీ అడగకుండా మర్నాటి దోసెలకు పప్పు నానబోసేసింది.

నవంబరు 29, శుక్రవారం: వేళచ్చేరి

వేళచ్చేరిలో మా ఆయనకు బ్యాంకులో జూనియరుగా పనిచేసినాయన ఇల్లు. పోతూ పోతూ వెస్ట్ మాంబళంలో అప్పడాలు, వడియాలు కొన్నాం. అక్కడినుంచి ఫోను చూపించిన దారి తిన్నగా ఒక రైలు సబ్‌వే నోటికి తీసుకెళ్ళింది. ముందు అడ్డంగా ఇనుప దూలం, దాని మీద ఎత్తు పరిమితి. మా బండి నెత్తిన సోలార్ పలకలు. వెనక హారన్ల మోత. వెనక్కి రావడానికి చోటు లేదు, ముందుకు పోవడానికి ఎత్తు లేదు. ట్రాఫిక్ కానిస్టేబులు తమిళంలో ఏదో అంటున్నాడు, మా ఆయన తెలుగులో ఏదో అంటున్నారు. అప్పుడు పక్క ఆటో డ్రైవరు తల బయట పెట్టి, "సార్, స్టీరింగు కుడికి పూర్తిగా తిప్పండి, నేను వెనక చూస్తాను" అన్నాడు శుభ్రమైన తెలుగులో. వాళ్ళది సూళ్ళూరుపేటట. దిగి, వానలో తడుస్తూ, వెనక బళ్ళన్నిటినీ తోలేసి మమ్మల్ని బయటపడేశాడు. గిండీ వైపు రోడ్డెక్కేదాకా ముందు నడిచి దారి చూపించాడు. వంద ఇవ్వబోతే టీకి ఇరవై చాలన్నాడు. చెన్నై ఆటోల గురించి అందరూ చెప్పే కథలు నాకూ తెలుసు. ఇదీ ఒకటి చేర్చుకోండి.

మధ్యాహ్నం రెండున్నరకు అది తుపానే అని తేల్చారు. పేరు ఫెంగల్. సాయంత్రానికి వేళచ్చేరి దుకాణాల్లో పాలు, బ్రెడ్డు, కొవ్వొత్తులు నిండుకున్నాయి. ఆ పేటవాళ్ళ భయం ఊరికే వచ్చింది కాదు. ఒకప్పటి చెరువు, పక్కనే పళ్ళికరణై చిత్తడి నేల, కట్టిన ఇళ్ళన్నీ నీళ్ళ దారిలో. 2015 డిసెంబరులో మునిగారు. 2023 డిసెంబరులో, మన బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపానుకు మళ్ళీ మునిగారు. అందుకే పెద్ద వాన హెచ్చరిక వస్తే చాలు, కార్లన్నీ వేళచ్చేరి ఫ్లైఓవరు ఎక్కేస్తాయి.

భోజనానికి కూర్చున్నాం గాని వేళచ్చేరి ఆయన మనసు విస్తట్లో లేదు. ప్రతి ముద్దకూ కిటికీలోంచి కిందకు చూస్తున్నారు. పాల పాయసం వచ్చేలోగా లేచి, "సార్, చోటు అయిపోతుంది, మీ బండి కూడా తెచ్చేయండి" అన్నారు. పాయసం గిన్నెతో సహా ఫ్లైఓవరు ఎక్కాం.

పైన గోడవారగా బంపరుకు బంపరు ఆనించి కార్లు. వాటి యజమానులు దిగి వెళ్ళిపోకుండా గొడుగుల కింద గుంపులుగా నిలబడి ఉన్నారు. చీకటి, ఈదురు గాలి, కింద ఖాళీ రోడ్డు. మా వ్యానులో దీపం వెలగడం చూసి ఒకాయన దగ్గరికొచ్చి, కాఫీ దొరుకుతుందా అని అడిగారు, టీ బండి అనుకున్నారు పాపం. కాదని చెప్పబోయి, ఫ్రిజ్జులో ఆవిన్ పాల ప్యాకెట్లు రెండు ఉన్నాయని గుర్తొచ్చి, కూర్చోమన్నాను.

అలా మొదలైంది. ఫిల్టరులో డికాషను దిగేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు, గరిటె కాడతో కొట్టి కొట్టి దింపాను. మాకున్నవి నాలుగు గ్లాసులు. తాగిన వాళ్ళు కడిగి ఇస్తే తర్వాతి వాళ్ళకు. పైజమా, స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దాయన వానలో ఇంటిదాకా నడిచి వెళ్ళి తన డవరా సెట్టు తెచ్చుకున్నాడు. స్టీలు గ్లాసులో కాఫీ తాగి ముప్పై ఏళ్ళయిందట, ఇత్తడిదే కావాలట. ఇంకొకాయన తన కారులోంచి మురుకుల డబ్బా తీశాడు. మాటలన్నీ కిందటేటి మునకల గురించే. నీళ్ళలో ఆగిపోయిన కారును మళ్ళీ స్టార్టు చేస్తే ఇంజను లోపలికి నీరు పోయి పాడవుతుందని, మామూలు బీమాలో ఆ నష్టం రాదని, ఇంజనుకు విడిగా రక్షణ తీసుకోవాలని నేర్చుకున్నాం. నేర్పినాయన ఆ పాఠానికి లక్షా ఎనభై వేలు కట్టారు.

పన్నెండు దాటాక ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. మేము అక్కడే, మా బెర్తుల్లోనే పడుకున్నాం. మొత్తం చెన్నైలో మా బండిలో మేము నిద్రపోయింది ఆ రాత్రే, అదీ మేము నలుగురికి కాఫీ ఇచ్చిన రాత్రి. మా ఆయన ముఖంలో గర్వం చీకట్లో కూడా కనిపించింది.

నవంబరు 30, శనివారం: మైలాపూరు

తెల్లవారుతూనే మైలాపూరు వచ్చేశాం. ఇంకో గంట ఆగి ఉంటే వచ్చేవాళ్ళం కాదు. సబ్‌వేలు ఒక్కొక్కటే మూసేస్తున్నారు. మధ్యాహ్నానికి విమానాశ్రయం కూడా మూసేశారు. సముద్రం పక్క రోడ్ల మీద బస్సులు ఆపేశారు.

మైలాపూరుది, నేను హాస్టల్లో ఒకే బల్ల మీద చదువుకున్నాం. దానిది నెల్లూరు. తలుపు తీయగానే, "ముందు సాలిగ్రామం, తర్వాత వేళచ్చేరి, ఆఖర్న నేనా? తుపాను రాకపోతే వచ్చేదానివి కూడా కాదు" అంది. జవాబు చెప్పే అవకాశం ఇవ్వకుండా తడి తువ్వాలు నా నెత్తిన పడేసింది. నిజానికి దాని ఇంటికి మేము కేటాయించుకున్నది ఒక సాయంత్రం కాఫీ మాత్రమే. ఆ సంగతి దానికి ఈ రోజుకీ చెప్పలేదు.

రోజంతా వాన. పదకొండింటికి కరెంటు పోయింది. మిక్సీ లేకపోతే కందిపచ్చడి ఎలా అని మేమిద్దరం చూసుకుంటుంటే, దాని అత్తగారు వంటగది మూలనుంచి రోలు జరపమన్నారు. ఆవిడకు ఎనభై నాలుగు. పీట వేసుకుని కూర్చుని, వేయించిన కందిపప్పు, ఎండుమిరపకాయలు, జీలకర్ర పోసి, నీళ్ళు వేళ్ళతో చిలకరిస్తూ నూరారు. మెత్తగా కాకముందే ఆపి, వేలితో కొంచెం తీసి నా అరచేతిలో పెట్టారు. పలుకు తగలాలట. వేడి అన్నం, నెయ్యి, ఆ పచ్చడి, మిరియాల చారు. మా ఆయన మూడోసారి అన్నం పెట్టించుకున్నారు.

వాచ్‌మన్ గొడుగేసుకుని అమ్మ ఉణవగానికి వెళ్ళొచ్చాడు. రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకు సాంబారన్నం పెట్టే ఆ క్యాంటీన్లలో ఆ రోజు డబ్బులు తీసుకోవద్దని ప్రభుత్వం చెప్పిందట. ఇంట్లో పెట్టినా తినకుండా వెళ్ళాడని మైలాపూరుది అలిగింది. దాని ఇంటికి ఎవరు ఏ పూట రావాలో దానికో లెక్క ఉంది, తప్పితే మాట పడాలి.

తుపాను సాయంత్రం పుదుచ్చేరి దగ్గర తీరాన్ని తాకడం మొదలుపెట్టి, రాత్రి పదకొండున్నరకు గాని దాటడం పూర్తిచేయలేదు. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ కబుర్లు మొదలుపెట్టే చుట్టంలా ఉందని మా ఆయనన్నారు. ఎవరిని ఉద్దేశించో తెలియక ఎవరూ నవ్వలేదు.

డిసెంబరు 1, ఆదివారం: మైలాపూరు

వాన తెరిపి ఇచ్చింది. కపాలీశ్వరుని కోనేరు చుట్టూ మాడవీధుల్లో పూల దుకాణాలు తెరిచారు. ఉత్తర మాడవీధిలో రోజ్‌మిల్కు తాగాం. అంత చలిగాలిలో ఐసు వేసిన రోజ్‌మిల్కు ఏమిటని నేనంటే, మైలాపూరులో దానికి కాలం ఉండదని అది.

సాయంత్రం అత్తగారు రాయపేట హైరోడ్డుకు తీసుకెళ్ళమన్నారు. పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచిన ఇల్లు అక్కడ స్మారక భవనంగా ఉంది. బులుసు సాంబమూర్తి గారిల్లు అది. 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చుని డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. అప్పుడు ఈవిడ పన్నెండేళ్ళ పిల్ల, పక్క వీధిలోనే ఉండేవారట. నేను చరిత్ర అడుగుతుంటే ఆవిడ తన సంగతులు చెప్పారు. వీధి నిండా జనం ఉంటే బడికి వెళ్ళొద్దన్నారని సంబరపడ్డానని, ఇంట్లో పెద్దవాళ్ళు అన్నం సరిగా తినేవాళ్ళు కాదని, తనకు ఆకలేస్తే అడగడానికి సిగ్గేసేదని. భవనం ముందు కారు దిగలేదు. కిటికీ దించి చూసి, "పదండి, దీపాలవేళయింది" అన్నారు.

రాత్రి వార్తల్లో పుదుచ్చేరి. ఒక్కరోజులో 46 సెంటీమీటర్ల వాన. మేము బండి ఆపుదామనుకున్న వీధుల్లో పడవలు తిరుగుతున్నాయి.

డిసెంబరు 2, సోమవారం: మైలాపూరు

పోలి పాడ్యమి. తెల్లవారుజామున అత్తగారు అరటి దొప్పల్లో ముప్పై వత్తులు వెలిగించారు. కోనేటికి వెళ్ళే వీలు లేక, బాల్కనీలో స్నానాల టబ్బు నింపి అందులోనే వదిలారు. దొప్ప టబ్బు అంచుకు తగిలి ఆగిపోతే మా ఆయన చేత్తో నీళ్ళు కదిపారు. పోలిని స్వర్గానికి నేను తోశానని తర్వాత రెండు రోజులు చెప్పుకున్నారు.

దక్షిణానికి దారి లేదని ఆ రోజే తేలిపోయింది. తెన్‌పెణ్ణై నది పొంగి విళుప్పురం దగ్గర తిరుచ్చి రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి. తిరువణ్ణామలైలో కొండచరియ విరిగి ఇంటి మీద పడి ఏడుగురు మట్టి కింద చిక్కుకున్నారని టీవీలో చూపిస్తున్నారు. ఆ తర్వాత రామేశ్వరం ఊసు ఎవరూ ఎత్తలేదు. బండి ఇంటివైపు తిప్పుదామని మా ఆయనే అన్నారు.

"నెల్లూరు మీదుగానేగా" అంది మైలాపూరుది. చెల్లెల్ని చూసి చాలా కాలమైందట. అత్తగారికి తోడుగా తాంబరం నుంచి ఆడపడుచు వచ్చేలోగా అది సంచి సర్దేసుకుంది.

డిసెంబరు 3, మంగళవారం: నెల్లూరు

ముందు సీటు దానిదే. గుమ్మిడిపూండి దాటేదాకా మా ఆయన డ్రైవింగుకు వంకలు పెట్టింది, ఆ తర్వాత గురకపెట్టి నిద్రపోయింది. నాయుడుపేట దగ్గర లేచి, ఇవాళ ఏ వారమని అడిగింది. మంగళవారమని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మంగళవారం నియమం మా అత్తగారిది. కార్తీకమంతా నేనూ పాటించాను. ఇప్పుడు కార్తీకం అయిపోయింది, ఊరు నెల్లూరు" అంది.

మెస్సులో అరిటాకు వేసి కూర్చోబెట్టారు. భోజనం 150, బొమ్మిడాయిల పులుసు విడిగా 220. పులుసు చిక్కగా, ఎర్రగా, పైన నూనె తేలుతూ వచ్చింది. ముక్క జారిపోకుండా వేళ్ళతో పట్టుకుని, వెన్నెముక ఒక్క లాగుడుతో తీసి విస్తరి అంచున పెట్టి, మళ్ళీ అన్నం కలిపింది. మైలాపూరులో అన్నేళ్ళున్నా ఆ చెయ్యి మర్చిపోలేదు. పక్క బల్ల దగ్గర వడ్డించే కుర్రాణ్ణి పిలిచి, నిన్నటి పులుసు ఉంటే అదే తెమ్మంది. నిన్నటిదయితే ఇంకా రుచిగా ఉంటుందని వాడూ ఒప్పుకున్నాడు, కానీ రాత్రే అయిపోయిందట.

బిల్లు దగ్గర మామూలు తగువు. నేను డబ్బు తీస్తే నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది, ఇది నా ఊరు అంటూ. చెల్లెలికి పులుసు పార్సిలు కట్టించింది, మలైకాజాలు మాకు కొనిపెట్టింది. వ్యాను ఎక్కుతూ మా ఆయన, ఫిబ్రవరిలో రామేశ్వరం మళ్ళీ పెట్టుకుందామన్నారు.

"నేనూ వస్తా" అంది.

"బెర్తులు రెండే కదే" అన్నాను.

"మీ ఆయన నడుపుతుంటే నాకు ముందు సీట్లోనే బాగా నిద్రపడుతోంది" అని తలుపు వేసుకుంది.